వినోబా భావే - మా పొందూరు నూలు



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని కార్యవర్గం వారు కోరగానే, పొందూరు వాడినైన నాకు ఆచార్య వినోబా భావే గుర్తుకు వచ్చారు. 1949లో ఏర్పడిన మా ఊరి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం భవనానికి 1955లో శంకుస్థాపన చేసినది ఆయనే.

వినోబా 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. 1916లో ఇంటర్మీడియట్ పరీక్షకు బయలుదేరి, దారిలో మనసు మార్చుకుని కాశీ వెళ్లారు. ఆ ఏడాదే గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ ఎంచుకున్న మొదటి వ్యక్తి ఈయనే. వెల్లూరు జైలులో ఉండగా మన తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషలు నేర్చుకున్నారు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమిలేని హరిజన కుటుంబాల వారు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తామని ముందుకు వచ్చారు. అలా భూదానం మొదలైంది. వినోబా ఊరూరా కాలినడకన తిరిగి ఆరో వంతు అడిగారు. తనను ఇంట్లో మరో బిడ్డగా ఎంచి వాటా ఇమ్మన్నారే గాని బిచ్చం అడగలేదు. అందిన భూమిలో సాగుకు పనికిరానిదీ, పంచకుండా మిగిలినదీ చాలానే ఉంది. అయినా ఆ అడిగిన తీరు గొప్పది.

భూమి లేనివారు ఏమివ్వాలి? దానికీ ఆయన దారి చూపారు. ఫిబ్రవరి 12న, గాంధీజీ అస్థికలు నిమజ్జనం చేసిన రోజున, ఎవరికి వారు వడికిన ఒక చిలప నూలు సమర్పించాలన్నారు. అదే సూత్రాంజలి.

మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఇరవై నాలుగు ఆకుల రాట్నం మీద సన్ననూలు తీసేది. సంఘంలో నూలు ఇస్తే వచ్చే కూలితోనే నా చదువు సాగింది. ఏటా ఒక చిలప మాత్రం విడిగా దాచేది. కూలి పోగొట్టుకుంటున్నావని ఒకసారి విసుక్కున్నాను. తీసుకునే చేయి ఎన్నడూ ఇవ్వకూడదా అన్నట్లు నన్ను చూసి, మళ్లీ రాట్నం తిప్పింది. ఆ చూపుకు అర్థం నాకు పింఛను వచ్చే వయసులో తెలిసింది.

వినోబా 1982 నవంబరు 15న పౌనార్‌లో కన్నుమూశారు. 1983లో భారతరత్న ప్రకటించారు. నేడు పొందూరులో నూలు తీసేవారిలో ఎక్కువమంది వయసు మళ్లిన స్త్రీలే. కూలి చాలక పిల్లలు ఆ పనికి రావడం లేదు. పండుగకు ఒక పంచె, ఒక చీర మా ఊరి ఖాదీ కొనండి. అది వారికి మనం చేసే దానం కాదు, వారి కష్టానికి ఇచ్చే వెల. దానం సంగతి అంటారా, మా అమ్మ కూలి డబ్బులోనే చేసింది. నెలనెలా పింఛను అందుకునే మనకు అది కష్టం కాదు.