ఉప్పులో ఎండను దాచిన మారియా టెల్కెస్

లంబసింగి చలి ఏజెన్సీలో ఉద్యోగం చేసిన మన సభ్యులందరికీ ఎరుకే. సుమారు 1000 మీటర్ల ఎత్తునున్న ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. అక్కడ గుమాస్తాగా ఉన్నప్పుడు నన్నొక సంగతి తొలిచేది. మధ్యాహ్నం ఎండ వీపు చురుక్కుమనిపించేది. రాత్రయితే ముసలివాళ్ళు, పిల్లలు నెగడు పొగలో దగ్గుతూ కూర్చునేవారు. పగటి వేడిని రాత్రికి దాచుకునే దారి లేదా? ఆ దారి వెతికిన శాస్త్రవేత్త మారియా టెల్కెస్.

ఆమె 1900 డిసెంబరు 12న హంగేరీలోని బుడాపెస్ట్‌లో జన్మించారు. 1924లో భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొంది, తరువాత అమెరికాలో స్థిరపడ్డారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, ఓడ మునిగి పడవల్లో చిక్కుకున్నవారు సముద్రపు నీటిని ఎండతోనే మంచినీరుగా మార్చుకునే సాధనాన్ని రూపొందించారు.

1948లో మసాచుసెట్స్‌లోని డోవర్‌లో ఎండతోనే వెచ్చబడే ఇల్లు లేచింది. నక్షా ఎలినార్ రేమండ్‌ది, ధనసహాయం అమీలియా పీబాడీది. చలికి పేరుకున్న కొబ్బరినూనె ఎండకు కరగడం మనం చూసేదే. అలాగే గ్లాబర్ లవణం సుమారు 32 డిగ్రీల వద్ద వేడిని పీల్చుకుని కరుగుతుంది, తిరిగి గడ్డకడుతూ ఆ వేడిని విడుస్తుంది. ఒక కిలో లవణం కరిగితే, 60 కిలోల నీటిని ఒక డిగ్రీ వేడి చేసేటంత వేడి అందులో దాగుతుంది.

తొలి రెండు శీతాకాలాలు ఇల్లు వెచ్చగానే ఉంది. తరువాత లవణం పొరలుగా విడిపోయి, బరువైన భాగం అడుక్కి దిగి, వేడి పట్టడం తగ్గింది. కొద్ది ఏళ్ళలోనే మామూలు పొయ్యి పెట్టవలసి వచ్చింది. 1953లో ఎం.ఐ.టి.లో ఆమె కొలువూ పోయింది.

ఆమె మాత్రం ఆగలేదు. సోలార్ పొయ్యి రూపొందించారు. లవణం విడిపోకుండా చిక్కబరిచే పదార్థాలు కలిపే మార్గం వెతికారు. 1970 దశకంలో, డెబ్బై దాటిన వయసులో, డెలావేర్ విశ్వవిద్యాలయంలో సౌరగృహం పనిలో పాలుపంచుకున్నారు. 1995 డిసెంబరు 2న, తొంభై అయిదేళ్ళు నిండడానికి పది రోజుల ముందు, పుట్టిన ఊరికి వెళ్ళి అక్కడే కన్నుమూశారు.

నేడు ఇలాంటి పదార్థాలను గ్రాఫైటు వంటి వాటి సన్నని రంధ్రాల్లోకి ఇంకించి మిశ్రమాలు చేస్తున్నారు. కరిగినా కారిపోవు, వేడిని త్వరగా అందుకుంటాయి. ఆ విద్య చవకై కొండల మీది ఇళ్ళకూ చేరితే, పొగ లేని వెచ్చదనం అక్కడి పెద్దలకు దక్కుతుంది. మన ఇళ్ళలో ఇంజనీరింగు చదివే మనవలు, మనవరాళ్ళు ఈ పని మీద దృష్టి పెట్టాలని నా కోరిక.