డాక్టర్ బర్మన్: తపాలా సంచిలో మందులు పంపిన కలకత్తా వైద్యుడు

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, సరుకు గుమ్మంలోకి వచ్చాక డబ్బు కట్టే వెసులుబాటును ఫ్లిప్‌కార్ట్ 2010లో తెచ్చినప్పుడు అదేదో కొత్త ఆలోచనలా కనిపించింది. నిజానికి వి.పి.పి.లో పుస్తకాలు తెప్పించుకున్న ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే నవ్వేవారు. ఆ పాత దారిలో నిలిచిన వ్యాపారాల్లో డాక్టర్ ఎస్.కె. బర్మన్‌ది ఒకటి. ఆయన పేరు తెలియని ఇంట్లో కూడా ఆయన కంపెనీ సీసా ఉంటుంది. డాక్టర్‌లో మొదటి అక్షరం, బర్మన్‌లో మొదటి భాగం కలిపితే డాబర్.

బర్మన్ 1884లో కలకత్తాలో మందుల తయారీ మొదలుపెట్టారు. కలరా బ్యాక్టీరియా మీద జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ అదే నగరంలో పరిశోధన చేసిన సంవత్సరమది. మలేరియా దోమల ద్వారా వస్తుందని అప్పటికి ఎవరికీ రుజువు కాలేదు. దోమ కడుపులో ఆ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో చూసింది 1897లో. అంటే జబ్బు ఎలా వస్తుందో తేలకముందే జనం మందు కోసం వెతుక్కుంటున్నారు. బెంగాల్ పల్లెల్లో చాలాచోట్ల వైద్యుడు లేడు. పోస్టుమాన్ మాత్రం వెళ్లేవాడు.

బర్మన్ పట్టుకున్న కిటుకు ఇదే. రోగి దుకాణానికి రానక్కర్లేదు, చిరునామా రాసి పంపితే చాలు. దీనికి కావలసిన ఏర్పాటును తపాలా శాఖ ముందే చేసి పెట్టింది. వి.పి.పి. 1877లో, తపాలా మనియార్డర్లు 1880లో వచ్చాయి. వి.పి.పి.లో పార్సిల్ అందించి పోస్టుమాన్ సొమ్ము వసూలు చేస్తాడు, అది మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. తీసుకోనంటే పార్సిల్ వెనక్కి. రానూపోనూ ఖర్చు అమ్మకందారు నెత్తినే. ఇప్పటి ఈ-కామర్స్ సంస్థల తలనొప్పి కూడా సరిగ్గా ఇదే.

1896 నాటికి గిరాకీ పెరిగి, నగరం అంచున గరియాలో తయారీ కేంద్రం పెట్టారు. 1900 దాటాక ఆయుర్వేదం వైపు మళ్లారు.

ఈ కథను కంపెనీలు సేవాగాథగా చెప్పుకుంటాయి. అందులో నిజం లేకపోలేదు గానీ, రెండో వైపూ చూడాలి. నాడి పట్టకుండా, మనిషిని చూడకుండా పోస్టులో మందు పంపడం వైద్యమా, వ్యాపారమా? సీసాలో ఏముందో పరీక్షించే వ్యవస్థ అప్పుడు లేదు. దేశంలో ఔషధ చట్టం వచ్చింది 1940లో. అప్పటిదాకా కొనేవాడికి ఉన్న హామీ లేబుల్ మీది పేరొక్కటే. తన పేరునే సరుకుకు పెట్టుకున్న వైద్యుడికి ఆ సంగతి బాగా తెలిసే ఉంటుంది.

బర్మన్ 1907లో చనిపోయారు. కొడుకు సి.ఎల్. బర్మన్ వ్యాపారం అందుకున్నారు. 1972లో కంపెనీ కలకత్తా వదిలి ఢిల్లీకి మకాం మార్చింది.