తలనొప్పి మందుతో జనంలోకి వెళ్లిన పంతులు

ముంబయి, చెన్నైలలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరు కొత్తేం కాదు. దేశోద్ధారక బిరుదు, ఆంధ్రపత్రిక, శ్రీబాగ్ ఒడంబడిక.. ఇవన్నీ అందరూ చెప్పేవే. ఆయనలోని వ్యాపారి గురించే మనం తక్కువ చెప్పుకుంటాం. ప్రకటన ఎంతమందికి చేరిందో కొలిచే సాధనాలేవీ లేని రోజుల్లో ఆయన సరుకు ఇంటింటికీ చేరింది.

కృష్ణా జిల్లా పెసరమిల్లిలో 1867లో పుట్టారు. బతుకుతెరువు కోసం బొంబాయి చేరి, 1893లో అక్కడే అమృతాంజనం మొదలుపెట్టారు. పేరు తెలియని పసుపురంగు మందును డబ్బిచ్చి ఎవరు కొంటారు? అందుకే సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచిపెట్టించారు. గంటల తరబడి కదలకుండా కూర్చునే జనం ఒకేచోట దొరకడం మాటలా! అయితే ఎన్ని సీసాలు పంచామన్నది ఇక్కడ అసలు లెక్క కాదు. ఊరికే తీసుకున్న మనిషి రెండోసారి దుకాణానికెళ్లి అడిగాడా లేదా అన్నదే లెక్క. ఇప్పటి మార్కెటింగ్‌వాళ్లు 'రీచ్' అంటూ చూసిన కళ్లను లెక్కేస్తారు గానీ, చూసినవాళ్లంతా కొనరు కదా.

పత్రిక దగ్గరికొస్తే ఈ లెక్క మరీ చిక్కు. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా పుట్టింది బొంబాయిలోనే. తెలుగునేలకు అంత దూరంలో! 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయ్యింది. చదువొచ్చినవాళ్లు తక్కువున్న కాలమది. అరుగు మీద ఒకరు చదివితే చుట్టూ చేరినవాళ్లు వినేవారు. అమ్ముడైన ప్రతులను లెక్కపెట్టొచ్చు, విన్న చెవులను ఎలా లెక్కపెడతాం? ప్రతుల అమ్మకాలను తనిఖీ చేసే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ మన దేశంలో వచ్చిందే 1948లో. ఒక్కో ప్రతిని ఎందరు చదువుతున్నారో ఇల్లిల్లూ తిరిగి అడిగే రీడర్‌షిప్ సర్వేలు ఆ తర్వాతి సంగతి. పంతులుగారు 1938లోనే కన్నుమూశారు.

లెక్క తేలలేదని ఆయన చేయి వెనక్కి తీసుకోలేదు. మందు మీద వచ్చిన డబ్బును పత్రికకు, 1924లో మొదలైన 'భారతి' మాసపత్రికకు, తర్వాత ఆంధ్ర గ్రంథమాలకు ధారపోశారు. ఇవి లాభం చూసుకుని చేసిన పనులని ఎవరూ అనలేరు. మందు దగ్గర మాత్రం పక్కా వ్యాపారే. 1936లో అమృతాంజనాన్ని పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మార్చారు.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం ఇప్పటికీ కిరాణా కొట్లలో దొరుకుతోంది. చెన్నై మైలాపూర్‌లో లజ్ దగ్గరున్న నాగేశ్వరరావు పార్కు ఈయన పేరు మీదిదే.