ఖర్చు ఎవరి పద్దు? – మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు పురమాయించారు. నేను ఇంజనీరును కాను, మున్సిపల్ ఆఫీసులో లెక్కల గుమాస్తాగా తల నెరిసినవాడిని. కనుక విశ్వేశ్వరయ్య గారిని ఆనకట్టల వైపు నుంచి కాక పద్దుల వైపు నుంచి చూస్తాను.

మన రాజుపాలెం వారికి ఆయన మరీ పరాయివారు కారు. పూర్వీకులది నల్లమలకు అవతల గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆ ఊరి పేరే ఇంటిపేరయింది. పుట్టింది మాత్రం మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళి. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. చిన్నతనంలోనే తండ్రి పోతే, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బెంగుళూరులో బి.ఏ., 1883లో పూనాలో ఇంజనీరింగు పూర్తి చేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు.

ఆయన పనితనం నాకు మొదట నచ్చింది సుక్కూరులో. సింధునది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఇప్పుడు పాకిస్తానులో ఉంది. నది నీరు బురద. వడగట్టే కట్టడాలు కట్టించుకునే సొమ్ము ఆ మున్సిపాలిటీకి లేదు. ప్రభుత్వం ఇవ్వాలా, మున్సిపాలిటీ అప్పు చేయాలా అని కాగితాలు నడుపుతూ కూర్చుంటే ఆ తరం జనం బురదే తాగేవారు. ఈయన నది గర్భంలోనే బావి దింపించారు. ఇసుకే వడపోత అయింది. అక్కడి నుంచి సొరంగం ద్వారా పంపుల వద్దకు నీరు తెచ్చారు. ఖర్చు పంచుకునే తగాదాకు ముందు అసలు ఖర్చునే తగ్గించాలన్నది నేను ఆయన దగ్గర నేర్చుకున్న లెక్క. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లాలోనూ అదే చేశారు. కట్ట ఎత్తు పెంచకుండా, వాటంతటవే తెరుచుకునే తలుపులు పెట్టి ఎక్కువ నీరు నిలిపారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఊళ్ళో కొత్తగా వేసిన రోడ్డును మూడు నెలలకే నీటి పైపుల కోసం తవ్వారు. గోతి పూడ్చే ఖర్చు రోడ్డు పద్దుదా, నీటి పద్దుదా అని ఫైలు రెండేళ్ళు తిరిగింది. వానాకాలంలో సైకిలు మీద వస్తున్న ముసలాయన అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మా పద్దు కాదని మూడుసార్లు ఆ ఫైలు తిప్పి పంపిన నోటు రాసింది నా చెయ్యే. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు. అయినా ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

ఇక మన హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలిపించగా విశ్వేశ్వరయ్య గారు 1909లో వచ్చి, పైన కురిసిన వానను, తెగిన చెరువులను లెక్కగట్టి, ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్.

ఇందులో గుమాస్తాకు పెద్ద చిక్కు ఉంది. వరద ఆపాలంటే చెరువులో ఖాళీ ఉండాలి. తాగునీటికైతే నిండుగా ఉండాలి. కట్ట ఒకటే, పనులు రెండు. కుళాయి ఉన్న ఇంటాయన ఎంత ఇవ్వాలి? కుళాయి లేకపోయినా ఇల్లు కొట్టుకుపోకుండా మిగిలిన గుడిసెవాడి తరఫున ఎవరివ్వాలి? నా మట్టుకు నేనైతే తాగునీటికే కడితే ఎంతయ్యేదో అది నీటి పద్దులో రాసి, వరద కోసం పెంచిన ఎత్తు ఖర్చు మొత్తం సర్కారు ఖజానాకు రాస్తాను. ప్రాణరక్షణకు నీటి బిల్లు వేయరాదు. 1989లో హైదరాబాదుకు వేరుగా జలమండలి ఏర్పడింది. రోడ్లు కార్పొరేషన్‌వి, వాటి కింద పైపులు మండలివి. నేను మా ఊళ్ళో తిప్పిన ఫైలు వంటివి అక్కడ ఎన్ని తిరిగి ఉంటాయో ఊహించుకోండి.

మైసూరులో చీఫ్ ఇంజనీరుగా కావేరి మీద కృష్ణరాజసాగరం తలపెట్టినప్పుడు ఇంత సొమ్ము ఎక్కడిదని ఆర్థికశాఖ వారు జంకారు. అప్పటికే 1902 నుంచి శివసముద్రం కరెంటు కోలారు బంగారు గనులకు పోతోంది. ఏటిలో నీరు తగ్గితే కరెంటుకు ఇబ్బంది. గనుల నుంచి వచ్చే కరెంటు రాబడి, పొలాల నుంచి వచ్చే రాబడి రెండూ చూపి ఆయన ఒప్పించారు. 1911లో పని మొదలైంది. లాభపడేవాడు ఎవరో ముందే తేల్చి రాసిన అంచనా కాబట్టి అది నిలిచింది. 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్నారు. తరువాత బొంబాయి కార్పొరేషన్‌కు ఖర్చుల తగ్గింపులో సలహాదారుగా కూడా పనిచేశారు.

సర్కారు పనికి సర్కారు కొవ్వొత్తి, సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించేవారని జనం చెప్పుకునే కథ మనమంతా పిల్లలకు చెప్పినదే. కథ అయితేనేం, పద్దుల విభజనకు అంతకంటే సులువైన పాఠం మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు.

మన సంఘానికి సంబంధించిన ముక్క ఒకటి మిగిలింది. బొంబాయి కొలువును ఆయన సుమారు ఇరవై నాలుగేళ్ళ సర్వీసుకే 1908లో వదులుకున్నారు. గడువు నిండకపోయినా అక్కడి ప్రభుత్వం ప్రత్యేకంగా పెన్షను మంజూరు చేసింది. 1955లో భారతరత్న వచ్చింది. 1960లో శతజయంతికి తపాలా బిళ్ళ వేస్తే, దాన్ని కళ్ళారా చూసుకున్నారు. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఎన్నేళ్ళు పెన్షనరుగా ఉన్నారో మిత్రులే లెక్క కట్టుకోండి.