రిలేషనల్ డేటాబేస్ పితామహుడు ఎడ్గార్ కాడ్

మన హాస్టల్లో హాజరు రిజిస్టరు, మెస్ రిజిస్టరు, మార్కుల రిజిస్టరు వేరువేరుగా ఉంటాయి. మూడింటినీ కలిపేది మన అడ్మిషన్ నంబరు. ఎక్కువ రోజులు సెలవు పెట్టినవారికి మార్కులు తగ్గాయా అని చూడాలంటే రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి నంబర్లు సరిచూస్తే చాలు. ఇంత మామూలుగా కనిపించే పద్ధతిని గణితశాస్త్రంగా మలచి కంప్యూటరుకు అందించిన మహనీయుడు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్. నేడు బ్యాంకు ఖాతాలు, భూముల రిజిస్ట్రేషన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు వంటివి చాలావరకు ఇలాంటి పట్టికల్లోనే భద్రంగా ఉంటున్నాయి. మన దగ్గర రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కంప్యూటర్లు 1998లో 'కార్డ్' పథకంతో వచ్చాయి.

బాల్యం - విద్యాభ్యాసం

కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండులోని పోర్ట్‌లాండ్ దీవిలో జన్మించారు. ఏడుగురు సంతానంలో ఆయనే చివరివారు. తండ్రిది తోలు వ్యాపారం, తల్లి బడిపంతులమ్మ. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చదువు పేరుతో సైన్యంలో చేరకుండా ఉండే వీలున్నా, ఆయన స్వచ్ఛందంగా వైమానిక దళంలో చేరి, నీటిపై దిగే పెద్ద విమానాలు నడిపారు. యుద్ధం ముగిశాక చదువు పూర్తిచేసి 1948లో అమెరికా వెళ్ళారు. అక్కడ ఐబీఎం సంస్థలో ప్రోగ్రామరుగా చేరారు.

ఆ రోజుల్లో సెనేటర్ మెకార్తీ అనుమానం వచ్చినవారినల్లా కమ్యూనిస్టులని వేధిస్తుండేవాడు. అది సహించలేక కాడ్ 1953లో కెనడా వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు తిరిగివచ్చి, 'స్ట్రెచ్' అనే పెద్ద కంప్యూటరుపై ఒకేసారి అనేక ప్రోగ్రాములు నడిపే పనికి నాయకత్వం వహించారు. ఒకే మెమరీని అందరూ పంచుకోవడంలో ఉండే చిక్కులు ఆయనకు అప్పుడే తెలిసి ఉంటాయి. తర్వాత సంస్థ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో చేరి 1965లో డాక్టరేటు పొందారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. చదువుకు వయసు అడ్డు కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎవరూ ఒప్పుకోని ఆలోచన

ఆ కాలంలో సమాచారం కావాలంటే అది యంత్రంలో ఎక్కడ ఉందో, ఏ దారిలో వెళితే దొరుకుతుందో ప్రోగ్రామరే తెలుసుకోవాలి. ఏం కావాలో మనిషి అడిగితే చాలు, ఎలా వెతకాలన్నది యంత్రం బాధ్యత అని 1970లో కాడ్ ఒక వ్యాసంలో ప్రతిపాదించారు. అప్పటికే వేరే పద్ధతి డేటాబేసును అమ్ముకుంటున్న ఆయన సంస్థే దీనికి ఉత్సాహం చూపలేదు. 1974లో ట్యూరింగ్ బహుమతి గ్రహీత చార్లెస్ బాక్‌మన్‌తో బహిరంగ చర్చలో తన వాదం నిలబెట్టుకున్నారు. ఒరాకిల్ 1979లోనే మార్కెట్లోకి రాగా, ఐబీఎం సొంత ఉత్పత్తి 1981లో వచ్చింది. అదే ఏడాది కాడ్‌కు ట్యూరింగ్ బహుమతి లభించింది.

తన లెక్క తానే చెప్పాలి

1985లో కాడ్ నిజమైన రిలేషనల్ డేటాబేసుకు నియమాలు ప్రకటించారు. వాటిలో నాలుగవది మాకు చాలా నచ్చింది. డేటాబేసు తన గురించిన వివరాలు కూడా పట్టికల్లోనే పెట్టుకోవాలి, మామూలు సమాచారాన్ని అడిగే భాషలోనే వాటినీ అడగగలగాలి అన్నది దాని సారాంశం. దీని విలువ మెమరీ లీక్ అనే జబ్బు వచ్చినప్పుడు తెలుస్తుంది.

మెమరీ లీక్ అంటే ఏమిటి? మెస్‌లో పళ్ళెం తీసుకున్నవాళ్ళు తిని, కడిగి, స్టాండులో పెట్టాలి. కొందరు మంచం కింద పెట్టేసుకుంటే నాలుగు రోజులకు పళ్ళేలు చాలవు. సర్వరు కూడా ఒక్కో ప్రశ్నకు కొంత మెమరీ తీసుకుంటుంది. పని అయ్యాక తిరిగి ఇవ్వకపోతే మెల్లగా మొత్తం నిండి ఒకనాడు ఆగిపోతుంది. అది దరఖాస్తులకు చివరి రోజైతే నష్టపోయేది మనలాంటివాళ్ళమే.

అయితే మెమరీ నిండినంత మాత్రాన లీక్ కాదు. భోజనం గంటకు ముందే వంటమనిషి పళ్ళేలు బల్లపై పేర్చితే స్టాండు ఖాళీ అవుతుంది, కానీ పళ్ళేలు పోలేదు. అలాగే సర్వరు తరచూ అడిగే సమాచారాన్ని మెమరీలో సిద్ధంగా ఉంచుకుంటుంది. అది పెట్టిన హద్దు దగ్గర ఆగుతుంది, లీక్ మాత్రం ఆగకుండా పెరుగుతుంది. అందుకని రోజూ ఒకే వేళకు, పని ఒకేలా ఉన్నప్పుడు లెక్క రాసుకోవాలి. ఏ భాగం పెరుగుతున్నదో సర్వరునే అడగాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 2021 నాటి 14వ వెర్షన్ నుంచి మెమరీ లెక్కలు పట్టికల్లాగే కనిపిస్తాయి. తర్వాత ఒక కనెక్షను మూసి చూడాలి. మెమరీ తిరిగి వస్తే, ఆ కనెక్షనులో మూయకుండా వదిలేసినవి ఏమిటో వెతకాలి. రాకపోతే, అనుమానమున్న ప్రశ్నను వేరే యంత్రంపై వేలసార్లు నడిపి పరీక్షించాలి. సర్వరును ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ పూటకు గండం గడుస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

కాడ్ 2003 ఏప్రిల్ 18న అమెరికాలోని ఫ్లోరిడాలో కన్నుమూశారు. ఈ మెమరీ పట్టికలను ఆయన చూడలేదు. అయినా యంత్రం తన లెక్క తాను చెప్పాలన్న ఆయన నియమం బాటలోనే అవి నడుస్తున్నాయి.

పాల్మాకుల చుట్టుపక్కల పల్లెలవాళ్ళం, ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్నవాళ్ళం మనలో ఎందరో ఉన్నాం. రేపు మనలో ఒకరు అలాంటి సర్వరు ముందు కూర్చోవచ్చు. అప్పుడు ఊహలతో తొందరపడకుండా లెక్క అడిగి, ఆధారం చూసి, లోపం మూలం పట్టుకుందాం. కాడ్ గారికి మనం ఇవ్వగల నివాళి అదే.