ఇమాన్యుయెల్ సెల్లర్: నలువదియొక్క యేండ్ల బిల్లు

అమెరికా కాంగ్రెసునందు ప్రతి రెండేండ్ల కాలములోను వేలకొలది బిల్లులు ప్రవేశపెట్టబడును. వానిలో అధికభాగము ఏదో యొక సంఘమువారి బల్లసొరుగులోనే కన్నుమూయును. అట్టి సభలో ఒక ప్రతినిధి, తాను క్రొత్తగా వచ్చిన దినములలో ఎదిరించి ఓడిపోయిన శాసనమును, నలువదియొక్క సంవత్సరముల పిదప, తన డెబ్బదియేడవ యేట, తన పేరు గల బిల్లుతోనే తొలగింపజేసెను. ఆయనయే ఇమాన్యుయెల్ సెల్లర్.

సెల్లర్ 1888 మే 6వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో జన్మించెను. వారిది జర్మనీనుండి వచ్చి స్థిరపడిన యూదుల కుటుంబము. తండ్రికి విస్కీ వ్యాపారము. ఇమాన్యుయెల్ కొలంబియా కళాశాలలో చేరిన కొలదికాలమునకే తండ్రి మరణించెను. కొన్ని నెలలు గడువకముందే తల్లియు కన్నుమూసెను. ఉదయము పాఠములు వినుచు, మిగిలిన దినమెల్ల ద్రాక్షసారా అమ్మకమునకై తిరుగుచు ఆ యువకుడు సంసారభారమును మోసెను. 1912లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. 1922 ఎన్నికలలో డెమొక్రాటిక్ పక్షమున నిలిచి గెలిచి, మరుసటి సంవత్సరము ప్రతినిధుల సభలో ప్రవేశించెను. ఆయనను గెలిపించిన వీధులలో ఇటలీనుండియు తూర్పు ఐరోపానుండియు వచ్చిన కుటుంబములు క్రిక్కిరిసి యుండెను. వారి తోబుట్టువులు, తల్లిదండ్రులు అనేకులు ఇంకను సముద్రమునకు ఆవలి యొడ్డుననే యుండిరి.

అట్టి సమయముననే, 1924లో, వలసల బిల్లు సభకు వచ్చెను. ప్రతినిధుల సభలో ఆల్బర్ట్ జాన్సన్, సెనేటులో డేవిడ్ రీడ్ దానికి పెద్దలు. ఒక్కొక్క దేశమునుండి ఏటికి ఎందరు రావచ్చునో నిర్ణయించుటకు ఆ బిల్లు 1890 నాటి జనాభా లెక్కలను ప్రమాణముగా గైకొనెను. ఆ లెక్కలలో కనబడిన ఆయా దేశీయులలో నూటికి ఇద్దరు మాత్రమే యేటికి ప్రవేశార్హులు. ఇటీవలి లెక్కలుండగా ముప్పది యేండ్ల నాటి పాత లెక్కలేల? ఇటలీవారును, రష్యా, పోలండు యూదులును పెద్దసంఖ్యలో వచ్చినది 1890 తరువాతనే గదా! ఆ సంవత్సరమును ఎన్నుకొనుటలోనే బిల్లు ఆంతర్యమంతయు ఉన్నది. అంతకుముందు ఏటికి నలువదివేలకు పైగా ఉండిన ఇటలీ కోటా 3,845కు దిగజారెను. ఆసియావాసులకు ఆ మాత్రమును లేదు.

క్రొత్తసభ్యుడు పెదవి విప్పకుండుట ఆ సభయందు మర్యాదగా నుండెడిది. సెల్లర్ ఆ మర్యాదను పాటింపక లేచి, ఆ బిల్లు జాతి పేరిట మనుష్యులకు తరతమములు కట్టుచున్నదని వాదించెను. ప్రయోజనము లేకపోయెను. 323 ఓట్లు అనుకూలముగను, 71 ప్రతికూలముగను పడెను. అధ్యక్షుడు కూలిడ్జి మే 26వ తేదీన సంతకము చేసెను.

పిదప వచ్చిన రెండు దశాబ్దములు ఆయనకు ఓటములే. హిట్లరు బారినుండి పారిపోవు యూదులకు కోటాలను సడలింపుమని ఆయన పలుమార్లు పోరాడినను ఫలితము స్వల్పము. ఆ నడుమ లభించిన ఒక విజయము మాత్రము మన దేశమునకు సంబంధించినది. 1917 నాటి చట్టము భారతీయులకు అమెరికా తలుపులు మూసెను. 1923లో అక్కడి సుప్రీంకోర్టు, భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యమున, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పెను. కనెక్టికట్ ప్రతినిధియైన క్లేర్ బూత్ లూస్‌తో కలిసి సెల్లర్ నడిపిన బిల్లు 1946 జులై 2వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సంతకముతో చట్టమయ్యెను. దానివలన భారతీయులకు పౌరసత్వార్హత లభించెను. ఏటికి వందమంది ప్రవేశింపవచ్చుననియు నిర్ణయమయ్యెను. దాదాపు నలువది కోట్ల జనులున్న దేశమునకు వందమంది! అయినను ఆ సందుననే దలీప్ సింగ్ సౌంద్ అను పంజాబీ రైతు 1949లో పౌరుడై, 1956లో ఎన్నికై, సెల్లర్ కూర్చున్న సభలోనే ఆసీనుడయ్యెను.

1949లో సెల్లర్ న్యాయవ్యవహారముల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. వలసల బిల్లులన్నియు అప్పటికి ఆ సంఘము పరిధిలోనికి వచ్చియుండెను. కాని సంఘాధ్యక్షుడు సర్వాధికారి కాడు. ఉపసంఘమున పట్టుగల ఫ్రాన్సిస్ వాల్టర్, సెనేటులోని మెకారన్‌తో కూడి, పాత కోటాలను నిలుపు బిల్లును 1952లో నడిపించెను. సెల్లర్ ప్రతిపాదించిన బిల్లు మూలబడెను. ట్రూమన్ సంతకము నిరాకరించి బిల్లును త్రిప్పి పంపగా, ఉభయసభలును మూడింట రెండువంతులకు మించిన ఓట్లతో ఆ నిరాకరణమును త్రోసిపుచ్చెను. సంఘాధ్యక్షుడు తన సంఘమునుండి వచ్చిన బిల్లుచేతనే ఓడిపోవుట ఎంత చేదో ఊహింపవచ్చును.

1963 మే నెలలో వాల్టర్ మరణించెను. జులైలో అధ్యక్షుడు కెన్నెడీ కోటాల రద్దును కోరుచు కాంగ్రెసునకు సందేశము పంపెను. సెల్లర్ బిల్లు ప్రవేశపెట్టెను. నవంబరులో కెన్నెడీ హత్యకు గురియయ్యెను. వాల్టర్ స్థానమున ఉపసంఘాధ్యక్షుడైన ఒహాయో ప్రతినిధి మైకేల్ ఫీగన్‌కును సెల్లర్‌కును పొసగలేదు. ఉపసంఘము సాక్ష్యములు వినుచునే యుండెను గాని బిల్లును బయటికి పంపలేదు. కాంగ్రెసు గడువు ముగియగానే ఆ బిల్లు తనంత తాను చచ్చిపోయెను. ఆ సంవత్సరముననే సెల్లర్ పౌరహక్కుల బిల్లును ప్రతినిధుల సభలో నడిపి 1964లో చట్టము చేయించెను. అంతటి పని నెరవేర్చినవాని చేతికి ఈ చిన్న ఉపసంఘము చిక్కలేదు.

1964 నవంబరు ఎన్నికలలో డెమొక్రాట్లకు అఖండవిజయము లభించుటతో గాలి మారెను. 1965 జనవరిలో అధ్యక్షుడు జాన్సన్ కోరికపై సెల్లర్ తిరిగి బిల్లు పెట్టెను. సెనేటులో మిషిగన్‌కు చెందిన ఫిలిప్ హార్ట్ పెట్టెను. ఫీగన్ మెత్తబడెను గాని ఊరక మెత్తబడలేదు. ప్రభుత్వపు బిల్లు విద్యానైపుణ్యములకు తొలిపీట వేయగా, ఆయన దానిని మార్చి బంధుత్వమునకు తొలిపీట వేయించెను. ఆ ప్రకారము నూటికి 74 వంతులు పౌరుల, నివాసుల బంధువులకు, 20 వంతులు వృత్తినిపుణులకు, పనివారికి, తక్కినవి శరణార్థులకు కేటాయింపబడెను. బంధువులకే పెద్దపీట వేసినచో వచ్చువారు మునుపటివలెనే ఐరోపావారై యుందురని పలువురు ఊరట చెందిరి.

ఆగస్టు 25వ తేదీన ప్రతినిధుల సభలో ఓటింగు జరిగెను. 318 అనుకూలము, 95 ప్రతికూలము. సెనేటులో న్యాయసంఘాధ్యక్షుడైన ఈస్ట్‌లండ్ కోటాల పక్షపాతియే అయినను, విచారణ పీఠమును యువకుడైన ఎడ్వర్డ్ కెన్నెడీకి విడిచిపెట్టెను. కాని శామ్ ఎర్విన్ మున్నగువారు ఒక మూల్యమును అడిగిరి. అంతవరకు సంఖ్యానియమము లేని పశ్చిమార్ధగోళ దేశములకు ఏటికి 1,20,000 అను పరిమితి విధింపవలెనని వారి పట్టు. సెప్టెంబరు 22వ తేదీన సెనేటు 76–18 ఓట్లతో ఆమోదించెను. ఉభయసభల పాఠములు వేరగుటచే ఇరుపక్షముల ప్రతినిధులును కూర్చుండి ఒక పాఠము కుదుర్చుకొనవలసివచ్చెను. సెల్లర్‌కు ఆ పరిమితి రుచింపకున్నను, బిల్లును పోగొట్టుకొనలేక అంగీకరించెను. అక్టోబరు 3వ తేదీన స్వాతంత్ర్యదేవతా విగ్రహము పాదములచెంత జాన్సన్ సంతకము చేసెను. తూర్పు అర్ధగోళమునకు మొత్తము 1,70,000. అందు ఏ దేశమైనను, ఇండియా అయినను లక్సెంబర్గు అయినను, 20,000కు మించరాదు.

ఓట్లకొరకు సెల్లర్ సభకు ఒక హామీ ఇచ్చెను. ఆసియా, ఆఫ్రికాల వారికి అమెరికాలో బంధువులు తక్కువ గనుక అచ్చటినుండి వచ్చువారును తక్కువయే యుందురని చెప్పెను. ఆ అంచనా పూర్తిగా తలక్రిందులయ్యెను. నిపుణుల వాటాలో వైద్యులు, ఇంజనీర్లు వచ్చిరి. పౌరులైన పిదప భార్యాపుత్రులను, తోబుట్టువులను పిలిపించుకొనిరి. గుంటూరు, విశాఖపట్టణము, హైదరాబాదుల వైద్యకళాశాలలలో చదివిన తెలుగువారు ఆ ద్వారముననే అమెరికా చేరిరి. అన్ని దేశములకు సమానమని నాడు న్యాయముగా తోచిన దేశపరిమితి మాత్రము, రూపు మారి, భారతదేశమువంటి పెద్ద దేశమువారిని ఏండ్లతరబడి వరుసలో నిలబెట్టుచునే యున్నది.

బిల్లును సంఘములో అణచియుంచుట ఎట్టిదో బాగుగా ఎరిగిన సెల్లర్ తానును ఆ పని చేసెను. స్త్రీపురుష సమానహక్కుల రాజ్యాంగ సవరణ ఆయన సంఘమున ఇరువది యేండ్లకు పైబడి కదలక పడియుండెను. 1970లో మార్తా గ్రిఫిత్స్ సభ్యుల సంతకములు సేకరించి దానిని సంఘమునుండి బలవంతముగా బయటికి లాగవలసివచ్చెను. 1972లో ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ అను ముప్పదియేండ్ల న్యాయవాది పక్షపు ప్రాథమిక ఎన్నికలో ఆయనకు పోటీగా నిలువగా, పండ్లు కుట్టుకొను పుల్లతో వాషింగ్టన్ స్మారకస్తంభమును కూలద్రోయబూనుటయని ఆయన పరిహసించెను. ఆమె కొన్ని వందల ఓట్ల తేడాతో గెలిచెను. ఏబది యేండ్ల సభ్యత్వము 1973 జనవరితో ముగిసెను.

అటుపిమ్మట సెల్లర్ ఎనిమిదేండ్లు జీవించెను. 1953లో ప్రచురించిన స్వీయచరిత్రకు, బ్రూక్లిన్‌ను ఎవరును విడిచి పోలేరను అర్థముగల పేరు పెట్టియుండెను. 1981 జనవరి 15వ తేదీన, తొంబదిరెండవ యేట, బ్రూక్లిన్‌లోనే మరణించెను.