పురానాపూల్ కట్టించిన మల్కిభరాముడు

హైటెక్ సిటీ నుంచి షేక్‌పేట మీదుగా గోల్కొండ వైపు వెళితే కుతుబ్ షాహీ సమాధులు వస్తాయి. వాటిలో ఒకటి ఇబ్రహీం కులీ కుతుబ్ షాది. 1550 నుంచి 1580 వరకు ముప్ఫై ఏళ్ళు గోల్కొండను ఏలిన ఈ సుల్తానును తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. మూసీ నదిపై నేటికీ నిలిచి ఉన్న పురానాపూల్ ఇతడు కట్టించినదే.

ఇబ్రహీం బాల్యం రాజభోగాల్లో మొదలైనా యౌవనం పరాయి పంచన గడిచింది. తండ్రి సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనుక ఉన్నది కన్నకొడుకు జంషీదే. మరో కొడుకు కళ్ళు తీయించి జంషీద్ గద్దెనెక్కాడు. దేవరకొండలో ఉన్న ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకుని ముందు బీదరుకు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు అతడిని చేరదీసి ఏడేళ్ళపాటు ఆదరించాడు. 1550లో జంషీద్ మరణించాక, జగదేవరావు వంటి నాయకుల తోడ్పాటుతో తిరిగి వచ్చి సింహాసనం ఎక్కాడు.

విజయనగరంలో అబ్బిన తెలుగు రుచి చివరిదాకా అతడిని వదలలేదు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఇతడికే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం గ్రామం దక్కినదీ ఇతడి చేతనే.

అయితే 1565లో దక్కను సుల్తానులు ఏకమై విజయనగరంపై దండెత్తినప్పుడు ఇబ్రహీం కూడా వారితో కలిశాడు. ఆ యుద్ధంలోనే రామరాయలు తల కోల్పోయాడు. రాజ్యానికి ముప్పు ఉందనో, రామరాయలు తన భూములు లాక్కున్నాడనో ఎన్ని కారణాలు చెప్పినా, ఉప్పు తిన్న ఇంటిపైకి కత్తి దూశాడన్న మచ్చ అతడి చరిత్రలో మిగిలిపోయింది.

కట్టడాల విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. గోల్కొండ కోట గోడలను రాయి, సున్నంతో తిరిగి కట్టించాడు. 1562లో హుస్సేన్ సాగర్ తవ్వించాడు. ఆ పనిని దగ్గరుండి చూసినవాడు హుస్సేన్ షా వలీ. గచ్చిబౌలి వెళ్ళే దారిలో ఉన్న దర్గా ఆయనదే. చెరువుకు తన పేరు కాక హుస్సేన్ పేరు స్థిరపడిపోయిందని సుల్తాను చిన్నబుచ్చుకుని, మన జిల్లాలోని ఇబ్రహీంపట్నం చెరువు తవ్వించాడని జనం చెప్పుకుంటారు. చిన్నబుచ్చుకున్న మాట నిజమో కాదో గాని, ఆ చెరువు కింద రైతులు తరతరాలుగా పైరు పండించుకున్నారు.

ఇక వంతెన సంగతి. ఆనాటికి హైదరాబాదు నగరమే లేదు. ఉన్నదల్లా గోల్కొండ. కోటలోను, చుట్టుపక్కలా జనం కిక్కిరిసిపోయారు. వజ్రాలకు, వస్త్రాలకు గోల్కొండ పేరుపడింది. సరుకు మచిలీపట్నం రేవుకు చేరాలంటే మూసీ దాటాలి. వానాకాలంలో ఏరు పొంగితే బండ్లు ఒడ్డునే పడి ఉండవలసిందే. ఈ చిక్కు తీరడానికే 1578లో రాతి వంతెన కట్టించాడు. పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు 35 అడుగులు. ఇరవైకి పైగా కమానుల మీద నిలిచింది. కమానులో రాయిని రాయి అదిమి పట్టి ఉంటుంది; పైన బరువు పడేకొద్దీ బిగుసుకుంటుంది. ఇనుము అవసరం లేదు. నీటికి అడ్డు కట్టకుండా దారి వదలడమే ఇందులో కీలకం. పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్, ఇది అందంలో పారిస్‌లోని పాంట్ నఫ్ వంతెనకు ఏమాత్రం తీసిపోదని రాసుకున్నాడు.

కొడుకు మహమ్మద్ కులీ ప్రియురాలి కోసం వరదలో గుర్రం దూకించాడని, అది విని భయపడిన తండ్రి ఈ వంతెన కట్టించాడని ఒక కథ ఉంది. వినడానికి బాగుంది. కాని అప్పటికి ఆ యువరాజుకు పన్నెండు, పదమూడేళ్ళకు మించవు.

వంతెన పూర్తయిన రెండేళ్ళకే, 1580లో, ఇబ్రహీం మరణించాడు. అతడు వేసిన దారి వెంటే జనం నది దాటారు. 1591లో మహమ్మద్ కులీ దక్షిణపు ఒడ్డున హైదరాబాదుకు పునాది వేశాడు.

రాతి వంతెన కదా, దానికి ఏమవుతుందని వదిలేస్తే నిలవదు. సందుల్లో రావి మొలక వేరూనితే సున్నం విడుతుంది. వరద స్తంభం అడుగున మట్టిని కోస్తుంది. 1820 వరదలో దెబ్బతిన్నప్పుడు నిజాం సికిందర్ జా దీనిని బాగు చేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం దాల్చి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు ఒడ్డుల మధ్య మిగిలిన దారి పురానాపూల్ ఒక్కటే. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన గండిపేట (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టారు.

గోల్కొండ కోటకు మంచినీరు అందించిన దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచారు. ఐటీ ఉద్యోగుల కార్లు దాని మీదుగా పోతున్నాయి. పురానాపూల్ వద్ద వాహనాలు పక్కనే కట్టిన కొత్త వంతెన ఎక్కుతాయి. పాతదాని మీద కూరగాయల అంగడి సాగుతోంది.